నందే నోరు

"మూడు వేళ్ళు పెద్దమ్మా. ఇట్ల నిలువుగ పట్టాలె" అంటూ కిరణ్మయి నోరు బాగా తెరిచి, తన వేళ్ళు మూడూ పళ్ళ మధ్య నిలబెట్టి చూపించింది.

ఇప్పపూలు ఆరబోసిన చాపల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వారు. గొల్లపల్లి దాటాక అడవి అంచున ఉన్న పారా, చిన్న గూడెం అది. పదిహేను ఇళ్ళకు మించి ఉండవు. పొద్దున్నే ఏరుకొచ్చిన పూలలోంచి పుల్లలూ ఆకులూ తీసేసే పనిలో ఉన్నారంతా. వాళ్ళలో పెద్దది మాసె. ఆమె చేతిలో పని ఆపి, నడుముకు చెక్కుకున్న చిన్న డబ్బీ తీసింది. మూత తిప్పి, పొగాకూ బెల్లంమడ్డీ కలిపిన నల్లటి గుడాఖు ముద్దను వేలికొసకు అద్దుకుంది. కిరణ్మయి కళ్ళలోకే చూస్తూ పైచిగుళ్ళకు ఒకసారి, కిందిచిగుళ్ళకు ఒకసారి తీరిగ్గా రుద్దుకుంది. పక్కకు తిరిగి ఉమ్మింది. అది కిరణ్మయి చెప్పుకు జానెడు దూరంలో పడింది.

"మూడు వేళ్ళు ఎందుకు, చెయ్యంత పెట్టు. కొరికితే ఏడ్వొద్దు" అంది.

మళ్ళీ నవ్వారు. కిరణ్మయి కూడా నవ్వబోయి, ఫైలు ఒళ్ళోకి తీసుకుంది. జగదల్‌పూర్‌లో ఆరోగ్య ప్రచారం డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది. ఫీల్డు పనికి గుడాఖు వాడకం, నోటి జబ్బులు అనే అంశం తనే కోరి తీసుకుంది. యాభై మంది నోళ్ళు చూసి యాభై ఫారాలు నింపాలి. చివర్లో కొంటాలో ఒక శిబిరం పెట్టాలి. ఇప్పటికి పదకొండు ఫారాలే అయ్యాయి.

"దీంట్ల పొగాకు ఉంటది పెద్దమ్మా. రోజూ రుద్దుకుంటే చెంప లోపల తెల్లమచ్చలు లేస్తయి. తరువాత పుండు పడతది. నోరు తెరుచుకోవుడే బందైతది."

"అంత చెడ్డదా?"

"చానా చెడ్డది."

"మరి మీ దుకాణంల ఎందుకు అమ్ముతున్నరు?"

ఎవరూ నవ్వలేదు. మాసె డబ్బీని అందరికీ కనపడేలా పైకెత్తింది. "సంతకు మీ నాన్న బండే తెస్తది. నిన్ను దుకాణంల చూసిన నేను. గల్లా పక్కన కూసోని ఫోను చూసుకుంటుంటివి. అప్పుడు చెప్పకపోతివి, చెడ్డదని?"

కిరణ్మయి పెన్ను మూత పెట్టింది, మళ్ళీ తీసింది. మాసె లేచి వచ్చి, డబ్బీని ఆమె సంచిలో పడేసింది.

"తీస్కపో. మాసె వాపస్ ఇచ్చిందని మీ నాన్నకు చెప్పు. రేపు పొద్దున నాకు పళ్ళు జివ్వుమంటే నువ్వే వచ్చి పట్టుకో."

ఒక్కొక్కరే చాపల వైపు తిరిగి వంగిపోయారు. వీపులు తప్ప ఇంకేం కనపడలేదు.

తిరుగుదారిలో స్కూటీ వెనక సుశీల కూర్చుంది. ఆమె ఆ పారాకు మితానిన్, ఊరి ఆరోగ్య కార్యకర్త. గర్భిణులను ఆసుపత్రికి తీసుకుపోవడం, జ్వరం మందులు పంచడం పదేళ్ళుగా ఆమె పనే. పోలీసు నాకా దగ్గర ఇద్దరూ దిగి గుర్తింపు కార్డులు చూపించి, మళ్ళీ బండెక్కాక అడిగింది.

"నీ ఫారంల ఏమేమి అడుగుతవు?"

"ఎన్నేళ్ళ సంది వాడుతున్నరు, రోజుకు ఎన్నిసార్లు, మచ్చ ఉందా, నోరు ఎంత తెరుచుకుంటది..."

"ఎందుకు వాడుతున్నరని?"

"ఆ గడి లేదు సుశీలక్కా."

"ఇప్పపువ్వుకు చీకటితో పోతరు. పొద్దెక్కేదాకా కడుపుల ఏం పడదు. ఇది రుద్దుకుంటే ఆకలి తెల్వది. నేను ఆరేండ్లు రుద్దుకున్న. నువ్ పోంగనే మానుమంటే నేను కూడా ఉమ్ముదును" అంది సుశీల.

*

కొంటాలో హైవే మీద ధర్మయ్య దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక గోదాము. నూనె, ఉప్పు, సబ్బులు, బీడీలు, గుడాఖు. చుట్టుపక్కల సంతలన్నిటికీ సరుకు అక్కణ్నుంచే పోతుంది. కొత్త సరుకు దిగినప్పుడల్లా ధర్మయ్య ఒక గుడాఖు డబ్బీ విప్పి, గోటితో కాస్త తీసి, వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. ఆ వెంటనే వేళ్ళు గుడ్డకు తుడుచుకుంటాడు. తను మాత్రం ఒక్కనాడూ నోట్లో పెట్టుకోలేదు.

కూతురు మాసె డబ్బీ తెచ్చి గల్లా మీద పెడితే, దాన్ని ఒక వేలితో పక్కకు జరిపాడు.

"డాక్టరు చదువు కాదు, నర్సు చదువు కాదు. ఆరోగ్య ప్రచారమట! మైకు బండోడు చేసే పనికి మూడేళ్ళు కాలేజీ ఎందుకే?"

"అది అయినంక జిల్లా ఆఫీసుల కౌన్సెలర్ పోస్టులు పడతయి నాన్నా."

"పడనీ. ఏం చెప్తవు జనానికి? నాన్న దుకాణానికి పోకుండ్రి అనా? నేను అమ్మకపోతే సుక్మా సేటు బండి రాదా ఈడికి?"

ఆ మాట నిజమే. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. ఫైలు తీసుకుని వెనక్కు నడిచింది.

గోదాము గుమ్మం మీద నందే కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. లారీ వస్తే ఇంకో హమాలీ కేసాతో కలిసి పెట్టెలు దించుతుంది, లేనప్పుడు ఊడ్చి, సర్ది, సంత బళ్ళకు సరుకు ఎక్కిస్తుంది. పద్నాలుగేళ్ళుగా అదే పని. స్టీలు గిన్నెలో పలచటి జావ ఉంది. నందే తల కాస్త ఎడమకు వంచి, పెదవుల సందులోంచి కొద్దికొద్దిగా లోపలికి లాక్కుంటోంది. లాక్కున్నప్పుడల్లా కుడిచెంపకు అరచెయ్యి అడ్డం పెడుతోంది. గుటక దిగాక కళ్ళు మూసుకుని కాసేపు ఆగుతోంది. తరువాత మళ్ళీ వంగుతోంది.

కిరణ్మయి అక్కడే నిలబడిపోయింది.

"నందే, ఒక్కసారి నోరు చూపియ్యవా?"

నందే గిన్నె మీద మూత పెట్టింది. "దేనికి?"

"ఊరికే చూస్త."

"ఊరికే ఎందుకు చూస్తవు, చేతిల కాయితం ఉండగ? గొల్లపల్లి అడవి దాకా పోయి నోర్లు తెరువుమంటున్నవట గదా, సుశీల చెప్పింది." నందే మాటలు పళ్ళ వెనకే నలిగి బయటికి వస్తున్నాయి. ఇన్నాళ్ళూ అది ఆమె యాస అనుకుంది కిరణ్మయి. "నేను ఈడనే తింటున్న. రెండేండ్ల సంది అన్నం నమలలేక జావ తాగుతున్న. ఈ గుమ్మం ముందట్నుంచే గదా నీ బండి తీస్తవు. ఏందే నందే, అన్నం తింటలేవని ఒక్కనాడన్న అడిగినవా? ఇప్పుడు కనవడ్డనా నేను? ఎన్ని తక్కువైనయి నీకు?"

"ముప్ఫై తొమ్మిది" అంది కిరణ్మయి. అనేశాక నాలుక కరుచుకుంది.

నందే నవ్వింది. నోరు తెరుచుకోకుండా ముక్కులోంచే వచ్చింది ఆ నవ్వు.

"రాస్కపో. నందే నోరు తెరవలేదని రాస్కో."

గిన్నె తీసుకుని లోపలికి పోయి, పెట్టెల చాటున కూర్చుంది. కిరణ్మయి ఫారం మడిచి ఫైలులో పెట్టింది. ఇంట్లోకి వెళ్ళాక తల్లి అన్నపూర్ణమ్మ కంచం ముందు పెడితే, పప్పన్నం ముద్ద చేసి, నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.

*

శిబిరానికి రెండు రోజుల ముందు రామ్‌ప్రసాద్ సార్ జగదల్‌పూర్ నుంచి వచ్చాడు. కాలేజీలో ఆమె ఫీల్డు పనికి గైడు ఆయనే. ధర్మయ్య ఎదురువెళ్ళి ఇంటికి తీసుకొచ్చాడు. టెంటు, కుర్చీలు, భోజనాలు తన దుకాణం తరఫునే అన్నాడు. పులిహోర వడ్డిస్తుంటే సార్ కిరణ్మయి వైపు తిరిగాడు.

"బేటా, టాపిక్ కొంచెం మారుద్దాం. చేతుల శుభ్రత పెట్టుకో."

"సార్, ఒప్పుకున్నది గుడాఖు గదా."

"ఒప్పుకున్నం. పదకొండు ఫారాలు తెచ్చినవు. దాంతోటి ఏం రిపోర్టు రాస్తవు? చేతుల కడుగుడైతే స్కూలు పిల్లలతోటి ఒక్క పూటల వంద నిండుతయి. పళ్ళ డాక్టరును ఎట్లాగూ పిలిచినం, వస్తది, చూస్తది. బ్యానరు మీద గుడాఖు పేరు మాత్రం వద్దు." ఆయన గొంతు తగ్గించలేదు. ధర్మయ్య వింటూ ఆయన విస్తట్లో ఇంకాస్త పెరుగు వేయించాడు. "ఈ లైన్ల ఉండాలంటే సర్పంచి కావాలె, సేటు కావాలె, అందరు కావాలె. గొడవ పెట్టుకునేటోళ్ళకు పోస్టు ఎవరిస్తరు?"

అన్నపూర్ణమ్మ వంటింటి గుమ్మంలోంచి సైగ చేసింది, ఊఁ అనమని. కిరణ్మయి తలూపింది. తలూపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. సార్ లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు ఉదయం గోదాము ముందు స్కూటీ తీస్తుంటే నందే ఖాళీ పెట్టెలు నలిపి కట్టలు కడుతోంది. కిరణ్మయి పలకరించలేదు. పలకరించడానికి మొహం లేదు. బండి స్టార్టయ్యాక వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఆ డాక్టరు మొగోడా, ఆడామెనా?"

కిరణ్మయి బండి ఆపింది. నందే ఇటు చూడటం లేదు. మోకాలితో కట్టను నొక్కిపట్టి పురికొస బిగిస్తోంది.

"ఆడామెనే. పూనం అని."

"ఎంత సేపుంటది?"

"ఒంటిగంట దాకా."

నందే ముడి వేసింది. పురికొస పళ్ళతో తెంపబోయి, ఆగి, కొడవలి కోసం లేచిపోయింది.

*

శిబిరం రోజున తొమ్మిదింటికి లారీ వచ్చింది. ఒక రోజు ఆలస్యంగా, సరిగ్గా ఆ పొద్దునే. గుడాఖు పెట్టెలు, సబ్బు పెట్టెలు, నిండుగా ఉంది. పన్నెండింటికల్లా ఖాళీ చేసి పంపించాలని డ్రైవరు హారను కొడుతున్నాడు. ధర్మయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకు శిబిరం బ్యాడ్జి పెట్టుకుంటున్నాడు.

"నాన్నా, నందేను ఒక్క గంట పంపియ్యి. డాక్టరుకు చూపించాలె."

"లారీ ఎవరు దించుతరు? కేసా ఒక్కడా?"

"ఇంకో మనిషిని పిలువు."

"అందరు నీ శిబిరానికే పోయిండ్రు, భోజనాలు పెడుతున్నమని" అన్నాడు అద్దంలో చూసుకుంటూ. "డాక్టరు మళ్ళొకసారి వస్తది. నందే యాడికి పోతది?"

హైవే పక్క మైదానంలో టెంటు వేశారు. బ్యానరు మీద కుళాయి కింద రెండు చేతులు, కింద ధర్మయ్య దుకాణం పేరు. స్కూలు పిల్లలు వరసల్లో కూర్చున్నారు. ఒక మూల పరదా కట్టిన బల్ల దగ్గర డాక్టరు పూనం టార్చితో నోళ్ళు చూస్తోంది. సర్పంచి మాట్లాడాడు. రామ్‌ప్రసాద్ సార్ మాట్లాడాడు. ధర్మయ్య వేదిక మీద నడిమి కుర్చీలో ఉన్నాడు. కిరణ్మయి పక్కన బకెట్టు, సబ్బు, తువ్వాలు సిద్ధంగా ఉన్నాయి. గడియారం చూసింది. పదకొండున్నర. పరదా దగ్గర వరస తరిగిపోతోంది.

"సర్పంచి గారికి సన్మానం కాంగనే నీదే" అన్నాడు సార్.

కిరణ్మయి టెంటు వెనక నుంచి బయటికి నడిచింది. రోడ్డు దాటేటప్పుడు పరుగు అందుకుంది.

నందే లారీ దగ్గర పెట్టె కోసం నిలబడి ఉంది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. కిరణ్మయి ఆమె తల మీది చుట్టకుదురు తీసి తన తల మీద పెట్టుకుంది.

"నువ్ పో. ఒంటిగంటకు లేస్తది డాక్టరమ్మ."

"నీ తోటి కాదు."

"పో నందే."

"మెడ విరిగితే సేటు నన్నంటడు."

"నేనే ఎత్తుకున్ననని చెప్త. పో!"

లారీ మీద కేసా పెట్టె పట్టుకుని ఇద్దరినీ మార్చిమార్చి చూస్తున్నాడు. నందే కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె కళ్ళలో కృతజ్ఞత ఏమీ లేదు. ఇది ఎన్ని నిమిషాల ముచ్చటో తెలుసన్నట్టు చూసింది. రెండడుగులు వేసి ఆగింది.

"కిందికి చూడకు. చూస్తే పడతవు" అని, గబగబా మైదానం వైపు నడిచింది.

కేసా మొదటి పెట్టె మెల్లగా దించాడు. బరువు తల మీద పడగానే పళ్ళు కలిసి టక్కుమన్నాయి. మెడ లోపలికి కుంగినట్టయింది. లారీ నుంచి గుమ్మానికి పదిహేను అడుగులు, గుమ్మం నుంచి గోడకు ఇంకో ఇరవై. ఆ దూరం ఆమెకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఇంత ఉంటుందని తెలియదు. మూడో పెట్టెకు చుట్టకుదురు జారితే ఒక చేత్తో సర్దుకుంది. ఐదో పెట్టెకు ఎదురుగా టీకొట్టు ముందు మనుషులు లేచి నిలబడ్డారు. సేటు బిడ్డ హమాలీ చేస్తోందని ఎవరో ఫోను తీశారు. మైదానంలోంచి మైకు ఆమె పేరు పిలిచింది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు ఆమె తల మీద పెట్టె ఉంది. కిందికి చూడకుండా నడుస్తోంది.

ధర్మయ్య వచ్చేసరికి బ్యాడ్జి ఒక పక్కకు వేలాడుతోంది.

"దించు."

"ఇంక సగం ఉంది నాన్నా."

"దించమన్ననా!"

"నందే వచ్చినంక దించుత."

ఆయన చెయ్యి పైకి లేచింది. టీకొట్టు వైపు చూశాడు. అక్కడ అందరూ ఇటే చూస్తున్నారు. చెయ్యి దించి, గొంతు తగ్గించి, పళ్ళు కొరుకుతూ అన్నాడు: "ఇంక నీ చదువు లేదు, ఏం లేదు. ఆ నందేను కూడా ఇంక గోదాం గడప తొక్కొద్దని చెప్పు." దుకాణంలోకి పోయి షట్టరు సగం కిందికి గుంజాడు. కిరణ్మయి కేసా దగ్గరికి వెళ్ళి తల పెట్టింది.

రెండు గంటలకు రామ్‌ప్రసాద్ సార్ జీపెక్కుతూ పిలిచాడు. "సొంత శిబిరంల గైరుహాజరు. ఫీల్డు పని అసంపూర్ణం అని రాస్తున్న. వచ్చే సెమిస్టర్ మళ్ళీ చేసుకోవాలె. అసలెందుకట్ల చేసినవు?"

"శిబిరానికి మనిషిని పంపిన సార్. ఒక్కరినే."

ఆయన డ్రైవరుకు పొమ్మని చెప్పాడు.

నందే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. చేతిలో చీటీ ఉంది. చాలాసేపు దాన్ని నాలుగు మడతలు పెడుతూ విప్పుతూ ఉండి, కిరణ్మయికి ఇచ్చింది.

"ఏముంది దీంట్ల?"

కిరణ్మయి చదివింది. "వేలున్నర కంటే నోరు తెరుచుకుంటలేదని రాసింది. లోపల కండ బిగుసుకపోయిందట. తెల్లమచ్చ మీద పుండు ఉంది. జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పోయి చిన్న ముక్క కోపిచ్చి పరీక్ష చేపియ్యాలె."

"చెడ్డ పుండా?"

పుస్తకంలో దీనికి చాలా మాటలున్నాయి. "నాకు తెల్వదు" అంది కిరణ్మయి. "చూస్తేనే తెలుస్తది."

నందే తలూపింది. "సేటు ఏమన్నడు?"

"నిన్ను రావొద్దన్నడు."

"తెలుసు. షట్టరు చూసిన." "పొద్దుగాల బస్సు ఎన్నింటికి?"

*

బస్సు సుక్మా దాటి, దర్భా ఘాటీ ఎక్కి, మధ్యాహ్నానికి జగదల్‌పూర్ చేరింది. దారి పొడుగునా నందే కిటికీ వైపే తిరిగి కూర్చుంది. కిరణ్మయి మెడ రెండు పక్కలా పట్టేసి, తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వస్తోంది. పొద్దున బయల్దేరేటప్పుడు అన్నపూర్ణమ్మ ఒక్కతే గుమ్మం దాకా వచ్చింది. జావ పోసిన థర్మాస్ కూతురి చేతిలో పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయింది.

ఆసుపత్రిలో డాక్టరు సన్నటి పలకతో నందే చెంప పక్కకు నెట్టి చూశాడు. ఎన్నాళ్ళయిందని అడిగాడు. గుడాఖుతో పాటు వక్కపొడి పొట్లాలు కూడానా అన్నాడు. నందే రెండింటికీ తలూపింది. ఎందుకు మొదలుపెట్టావని ఆయన అడగలేదు. కిరణ్మయే అడిగింది, బల్ల పక్కన నిలబడి, మెల్లగా.

"గుడాఖు పెట్టెలు పగిలితే కింద పడ్డయి మమ్మల్నే తీస్కోమనేటోడు సేటు" అంది నందే. "పొద్దున ఏం తినకుండ వస్తుంటి. రుద్దుకుంటే లారీ అయిపోయేదాకా ఆకలి కాకపోతుండె."

డాక్టరు చీటీ రాస్తూ చెప్పాడు. రేపు ముక్క తీస్తారు. ఫలితం రావడానికి పది రోజులు పడుతుంది. అదేదైనా సరే, ఈ రెండూ ఇవాళే మానాలి, నోరు తెరిచే కసరత్తు రోజూ చేయాలి. ఇంకో ఏడాది ఆగి వస్తే చెప్పడానికి తన దగ్గర ఏమీ ఉండేది కాదన్నాడు.

ఒక రాత్రికి చేర్చుకోవాలి. చేర్పించే కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా హిందీలో అడుగుతూ రాసుకుంటున్నాడు. పేరు, ఊరు, వయసు.

"తోడు ఎవరు?"

"నేనే" అంది కిరణ్మయి.

"ఏమవుతారు?"

కిరణ్మయి నోరు తెరిచి ఊరుకుంది. సేటు కూతుర్ని అనాలా? నందే ఇక ఆ సేటు దగ్గర లేదు. చదువుకునే పిల్లను అనాలా? ఆ చదువు ఏమవుతుందో ఆమెకే తెలియదు. వెనక వరసలో వాళ్ళు తోసుకుంటున్నారు. గుమాస్తా పెన్నుతో బల్ల మీద కొట్టాడు.

నందే కిటికీ చువ్వలు పట్టుకుని కాస్త ముందుకు వంగింది. బిగుసుకుపోయిన పెదవుల్లోంచి ఒక్కో మాటా కూడదీసుకుని హిందీలోనే చెప్పింది.

"ఇద్దరం ఒక్క గోదాంల హమాలీ చేసినం."

గుమాస్తా మొదటిసారి తల ఎత్తి, కిరణ్మయి బట్టలు, చేతి గడియారం చూశాడు. నందే వైపు చూశాడు. ఆమె ముఖంలో పరాచికం ఏమీ కనపడక, 'తోటి కూలీ' అని రాసి, కాగితం ఇటు తిప్పాడు.

మెడ వంగక, కిరణ్మయి మోకాళ్ళు వంచి, కాగితం కళ్ళకు సమంగా వచ్చేదాకా కిందికి దిగి, ఆ మాట పక్కన సంతకం పెట్టింది.